స్వాస్థ్యం (వారసత్వంగా వచ్చే ఆస్తి) చేజారేలా ఉన్నప్పుడు ఎలా ప్రార్థించాలి

మా నాన్న పోయిన ఏడాదికి, ఆస్తిలో నాకు వాటా లేదంటూ నోటీసు వచ్చింది. పంపింది సొంతవాళ్లే. ఆ రాత్రి మోకాళ్లూనాను గానీ ప్రార్థన రాలేదు, తిట్లే వచ్చాయి.

ముందు ఏం చేయాలో బైబిల్లోని యూదా రాజు హిజ్కియాను చూసి నేర్చుకున్నాను. అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని ఆయన మందిరానికి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు (2 రాజులు 19). నేనూ నోటీసును మంచం మీద పరిచి ఒక్కో పేరా చదివి వినిపించాను. "ప్రభువా, ఇది అబద్ధం. ఇది మాత్రం నిజమే, ఆ సంతకం నాదే, చదవకుండా పెట్టాను." అలా విడదీస్తుంటే ఏడుపు తగ్గింది, లాయరును ఏమేం అడగాలో కూడా తేలింది. పక్కన పెన్ను పెట్టుకోండి. ప్రార్థన మధ్యలో రాసుకుంటే తప్పేమీ లేదు.

తర్వాత 2 దినవృత్తాంతములు 20లో, శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు యూదా రాజు యెహోషాపాతు చేసిన ప్రార్థన నెమ్మదిగా చదవండి. నువ్విచ్చిన స్వాస్థ్యం నుంచే మమ్మల్ని వెళ్లగొట్టడానికి వస్తున్నారని, ఇచ్చినవాడితోనే చెప్పుకుంటాడు. చివరికి, ఏం చేయాలో తోచడం లేదు, నీవే దిక్కు అంటాడు. ఆ ఒక్క ముక్క అనడానికి నాకు మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా దేవునికి నా ప్లాన్లే చెబుతూ వచ్చాను.

కోపం దాచొద్దు. 109వ కీర్తన ఎంత ఘాటుగా ఉంటుందో చూడండి. కాకపోతే దేవునికి చెప్పినవి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. నేను పెట్టాను, స్క్రీన్‌షాట్ తీసి కేసు కాగితాలకు జతచేశారు.

నాబోతు కథ కష్టంగా ఉన్నా దాటేయకండి (1 రాజులు 21). పితరుల స్వాస్థ్యమైన ద్రాక్షతోటను అహాబు రాజుకు ఇవ్వనన్నందుకు ఇద్దరు అబద్ధ సాక్షులను నిలబెట్టి అతన్ని రాళ్లతో కొట్టి చంపారు. దేవుడు ఏలీయా ప్రవక్తను అహాబును నిలదీయడానికి పంపాడు, కానీ నాబోతు చనిపోయాకే. అందుకే, ప్రార్థిస్తే ఆస్తి వచ్చి తీరుతుందని ఎవరైనా అంటే నేను తలూపను.

అలాగని ప్రార్థించి ఇంట్లో కూర్చోవద్దు. కొడుకులు లేకుండా చనిపోయిన సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురూ ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర, మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి తమ వంతు అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే అన్నాడు (సంఖ్యాకాండము 27). ఈ అధ్యాయం చదివిన రోజే లాయరుకు ఫోన్ చేశాను.

వాయిదా ముందురోజు రాత్రి ఇప్పుడు పేరుపేరునా ప్రార్థిస్తాను, నోటీసు పంపినవాళ్లను కూడా కలిపి. ఒక పేరు దగ్గర ఇంకా గొంతు పట్టేస్తుంది. ఆ పేరు మాత్రం పలికి ఆగిపోతాను.