హ్యూస్టన్‌కు హరికేన్ వస్తోందంటే: మన ఇళ్లలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మెక్సికో గల్ఫ్‌లో వాయుగుండం పుట్టిందన్న వార్త రాగానే హ్యూస్టన్ శివార్లలోని కేటీ, షుగర్‌ల్యాండ్ తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో పడే మొదటి ప్రశ్న: "ఎన్నో కేటగిరీ అండీ?" ఒకటేనని ఎవరో జవాబిస్తారు. అందరూ ఊపిరి పీల్చుకుని క్రికెట్ స్కోరులోకి వెళ్లిపోతారు. మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు వింటూ పెరిగినవాళ్లం. పదో నంబరు అంటే గుండె జారడం, ఒకటో నంబరు అంటే చేపల బజారుకు బయలుదేరడం మనకు అలవాటు. ఇక్కడి కేటగిరీకి ఆ లెక్క పనికిరాదు. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే ఆ అంకె గాలి వేగం ఒక్కటే చెబుతుంది. వాన ఎంత పడుతుందో, సముద్రం ఎంత ఎత్తున పొంగుతుందో అందులో ఉండదు.

2017 ఆగస్టు 25న రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటినప్పుడు హార్వీ హరికేన్ నాలుగో కేటగిరీ. హ్యూస్టన్‌ను ముంచే నాటికి అది హరికేన్ కూడా కాదు, బలహీనపడిన తుఫాను. కదలకుండా కూర్చుని కురిసింది. టెక్సస్‌లోనే ఉన్న నెదర్లాండ్ పట్టణం దగ్గర 60 అంగుళాలకు పైగా వాన పడింది. ఇక బెరిల్ సంగతి. 2024 జులై 8న మాటగోర్డా దగ్గర తీరం దాటినప్పుడు అది ఒకటో కేటగిరీయే. అయినా ఈ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా వీధికి ఐదో రోజున వచ్చింది. జులై ఎండలో ఏసీ లేని చెక్క ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మన ఊళ్లోలా ఇన్వర్టర్ ఉండదు, పడుకోవడానికి డాబా ఉండదు.

కాబట్టి మొదటి జాగ్రత్త మీ ఇంటి చిరునామా ఏ జోన్‌లో పడుతుందో తెలుసుకోవడం. గాల్వెస్టన్, బ్రజోరియా, హారిస్ కౌంటీల్లో తీరానికి దగ్గరి ప్రాంతాలను పిన్‌కోడ్‌లవారీగా కోస్టల్, ఏ, బీ, సీ జోన్లుగా విభజించారు. మీది వాటిలో ఉండి ఖాళీ చేయమన్నారంటే వెళ్లిపోవాలి, చర్చ లేదు. లేకపోతే రోడ్డెక్కకండి. 2005 సెప్టెంబరులో రీటా వస్తోందని పాతిక లక్షల మంది ఒక్కసారిగా బయలుదేరారు. కార్లు గంటల తరబడి కదలలేదు, పెట్రోలు అయిపోయింది. తుఫానుకన్నా ఆ ప్రయాణమే ఎక్కువ మందిని బలి తీసుకుంది. వృద్ధాశ్రమం నుంచి తరలిస్తున్న బస్సు డాలస్ దగ్గర తగలబడి 23 మంది పోయారు. సముద్రపు పొంగునుంచి పారిపో, గాలినుంచి దాక్కో అని ఇక్కడివాళ్లు చెప్పుకునే మాట అక్షరాలా నిజం.

కేటీవైపు ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బార్కర్, ఆడిక్స్ అనే రెండు జలాశయాలు మామూలు రోజుల్లో ఎండిపోయి, సైకిళ్లు తొక్కుకునే పార్కుల్లా కనిపిస్తాయి. పెద్ద వానకు నిండితే నీళ్లు అంచుల్లోని ఇళ్లదాకా వస్తాయి. చెరువు కడుపులో ఇల్లు కొనుక్కున్నామని 2017 దాకా చాలామందికి తెలియలేదు. వరద పటంలో మీ ఇల్లు ప్రమాద ప్రాంతంలో లేదని ధీమా వద్దు. హార్వీలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా ఆ ప్రాంతానికి బయటివే. మామూలు ఇంటి బీమా వరద నష్టం ఇవ్వదు. ప్రభుత్వ వరద బీమా తీసుకుంటే సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. అంటే గల్ఫ్‌లో వాయుగుండం కనిపించాక కొన్న పాలసీ ఆ తుఫానుకు అక్కరకు రాదు. ఈ పని హరికేన్ల కాలం మొదలుకాకముందే, మే నెలలో చేయాలి.

వార్తల విషయానికొస్తే, నేషనల్ హరికేన్ సెంటర్ మన సమయం ప్రకారం ఉదయం 4, 10, సాయంత్రం 4, రాత్రి 10 గంటలకు పూర్తి సమాచారం ఇస్తుంది. తుఫాను తీరానికి చేరువయ్యాక మధ్యలో కూడా ఇస్తుంది. ఫార్వర్డ్‌లు పక్కన పెట్టి అది చూడండి. అందులోని తెల్లటి గరాటు బొమ్మను చాలామంది పొరబాటుగా చదువుతారు. తుఫాను కేంద్రం ఎక్కడెక్కడికి వెళ్లవచ్చో ఆ గరాటు చూపిస్తుంది. తుఫాను ఎంత పెద్దదో, వాన ఎక్కడిదాకా పడుతుందో అది చెప్పదు. గరాటు గీతకు యాభై మైళ్ల బయట ఉన్నాం కదా అని నిద్రపోకూడదు. కేంద్రం మనకు పడమరగా దాటితే మనం కుడివైపున పడతాం. ఆ వైపే గాలీ పొంగూ ఎక్కువ.

సరుకుల గురించి మన ఆడవాళ్లకు చెప్పేంతటివాడిని కాను. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు, వారానికి సరిపడా అయితే ఇంకా మంచిది. మరుగుదొడ్లలో పోయడానికి స్నానపు తొట్టెలు నింపి పెట్టుకోండి. కరెంటు పోతే తలుపు తీయని ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. పులిసిన పిండి ఉంటే ముందురోజే ఇడ్లీలు వేసేయండి. తర్వాత అటుకులు, మరమరాలు, పొడులు, ఊరగాయలు ఎటూ ఉంటాయి. ఇంట్లో బొగ్గుల కుంపటి గానీ క్యాంపు స్టవ్ గానీ వెలిగించవద్దు. దేవుడి దీపంతో ఇల్లంతా వెలుతురు చేసుకోవాలనుకోకండి, టార్చిలైట్లు చాలు.

జనరేటర్ ఉన్నవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. గ్యారేజీలో పెట్టకూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీల వైపు పొగ రాకుండా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. తుఫానులో బతికి, తర్వాత జనరేటర్ పొగకు పోయినవాళ్లు ప్రతిసారీ ఉంటున్నారు. ఆ వాయువును పసిగట్టే అలారం బ్యాటరీ ముందే చూసుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల మందులు రెండు వారాలకు సరిపడా పక్కన పెట్టండి. అక్కడినుంచి తెచ్చిన మాత్రలు అయిపోతే ఇక్కడి డాక్టరు చీటీ లేకుండా ఇక్కడ దొరకవు. ఇన్సులిన్ ఐసుపెట్టెలో పెట్టేటప్పుడు ఐసుకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే పనికిరాదు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ పంపే ఆమోద పత్రం), పిల్లల జనన ధ్రువపత్రాలు నీరు చొరబడని సంచిలో వేసి, ఫొటోలు తీసి పెట్టుకోండి. అక్కడి టీవీల్లో అమెరికా మొత్తం మునిగిపోతున్నట్టు చూపిస్తారు. బాగున్నామని అన్నయ్యకో బాబాయికో ఒకరికి సందేశం పెట్టి, మిగతా చుట్టాలకు ఆయనే చెప్పేట్టు చూడండి. కాల్ కలవనప్పుడు కూడా సందేశం వెళుతుంది, ఫోను చార్జింగూ మిగులుతుంది.

పెరట్లో తులసి కుండీ, ఉయ్యాల, చెత్తడబ్బా అన్నీ గ్యారేజీలోకి. పెనుగాలిలో తులసి కుండీ కూడా పక్కింటి కిటికీకి ఫిరంగి గుండే. కిటికీలకు అడ్డంగా టేపు అంటించడం దండగ, అది అద్దాన్ని కాపాడదు. కారును గ్యారేజీ లోపల పెడితే, కరెంటు పోయాక మోటారు తలుపు లేవదు. పైన వేలాడే ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తడం ముందే ఒకసారి చేసి చూడండి. మా ఇంట్లో అది అవసరమైన రోజున గానీ తెలియలేదు. పెట్రోలు నిండుగా, కొంత నగదు చేతిలో. హుద్‌హుద్ నాటి విశాఖను చూసినవాళ్లకు నగదు సంగతి చెప్పనక్కరలేదు.

నీళ్లు ఇంట్లోకి వస్తే పై అంతస్తుకు వెళ్లండి. అటకమీదికి మాత్రం ఎక్కకండి. పైకప్పు చీల్చుకుని బయటపడే గొడ్డలి చేతిలో లేకపోతే అక్కడ చిక్కుకుపోతారు. రోడ్డుమీద పారే నీరు అడుగు లోతున్నా చిన్న కారును తోసేస్తుంది, రెండడుగులైతే పెద్ద బండ్లూ నిలవవు.

నీళ్లు దిగిపోయాక గోడలు తుడవాలని చేతులు లాగుతాయి. ఆగండి. గోడమీది బురద గీత ఎంత ఎత్తున ఉందో పక్కన కొలత టేపు పెట్టి, ప్రతి గదిలో ఫొటో తీయండి. తడిసిన తివాచీ నుంచి ఒక ముక్క కోసి దాచండి. బీమా మనిషి వచ్చినప్పుడు చూపించాల్సింది అదే.