కారణాల బొమ్మ గీయడం ఎలా? ఏది అడ్జస్ట్ చేయకూడదు?

కారణాల బొమ్మ అంటే ఏది దేనికి కారణమో బాణాలతో చూపించే బొమ్మ. గీయడానికి తెల్ల కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. ఇలాంటి బొమ్మలకు డాగిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని చివర్లో తెరవండి. బొమ్మ మాత్రం చేత్తోనే, అదీ డేటా ఫైలు చూడకముందే గీయాలి. చూశాక గీస్తే ఫైల్లో ఉన్న కాలమ్‌లే బొమ్మలోకి వస్తాయి, కొలవనివి మరుగున పడతాయి.

ముందు ప్రశ్న రాయండి. ఉదాహరణకు, గర్భిణి సిగరెట్ తాగితే బిడ్డ ఏడాదిలోపు చనిపోయే ముప్పు పెరుగుతుందా? ఎడమ పక్కన సిగరెట్, కుడి పక్కన మరణం. ఈ రెండింటికీ కారణమయ్యే పేదరికం, తల్లి వయసు లాంటివి పైన పెట్టి, కారణం నుంచి ఫలితానికి బాణాలు గీయండి. ఏ బాణం దారీ తిరిగి మొదటికి రాకూడదు. గీయని బాణం కూడా ఒక వాదనే (ఇక్కడ ప్రభావం లేదని), కాబట్టి ఊరికే వదిలేయకండి.

ఇక కొంప మునిగేది ఇక్కడే: ఏవి అడ్జస్ట్ చేయాలి, అంటే వేటి విషయంలో సమానంగా ఉన్నవాళ్లను పోల్చాలి? పేదరికం, వయసు చేయాలి. పుట్టినప్పటి బరువు? చాలామంది ఆలోచించకుండా దాన్నీ మోడల్‌లో పడేస్తారు. వద్దు.

1971లో జేకబ్ యెరుషాల్మీ కాలిఫోర్నియా డేటాలో ఒక వింత చూపించారు. 2,500 గ్రాముల లోపు పిల్లల్లో, సిగరెట్ తాగే తల్లుల బిడ్డలే తక్కువగా చనిపోయారు. 1991 అమెరికా జననాల లెక్కలోనూ అంతే. మొత్తం పిల్లల్ని చూస్తే తాగే తల్లుల బిడ్డల మరణాల రేటు తాగని తల్లుల బిడ్డల రేటుకు 1.55 రెట్లు, తక్కువ బరువు వాళ్లలో మాత్రం 0.79 రెట్లు. అంటే సిగరెట్ కాపాడిందనా? కాదు.

బరువు మీదికి సిగరెట్ నుంచి ఒక బాణం వస్తుంది, పుట్టుకతో వచ్చే లోపాల నుంచి ఇంకోటి వస్తుంది. ఆ లోపాల నుంచే మరణానికి మరో బాణం పోతుంది. తల్లి సిగరెట్ తాగకపోయినా బిడ్డ బరువు తగ్గిందంటే వేరే కారణం ఉండాలి. అది తరచూ సిగరెట్ కంటే ప్రాణాంతకమైన లోపం కావచ్చు. బరువును అడ్జస్ట్ చేయగానే, ఏ సంబంధమూ లేని సిగరెట్‌కూ లోపానికీ ముడి పడుతుంది. ఇలా రెండు బాణాలు వచ్చి కలిసే చోటునే కొలైడర్ అంటారు. పైగా సిగరెట్ చేసే హానిలో కొంత బరువు తగ్గడం ద్వారానే జరుగుతుంది, దాన్నీ తుడిచేసుకుంటారు.

జాగ్రత్త, కొలైడర్ తప్పు రిగ్రెషన్ మోడల్‌లో వేరియబుల్ పెట్టడం వల్ల మాత్రమే రాదు. నవజాత శిశువుల ఐసీయూలో చేరిన పిల్లల్నే తీసుకుని స్టడీ చేసినా అదే తప్పు, ఎందుకంటే అక్కడ చేరడానికీ సిగరెట్, లోపం రెండూ కారణం కావచ్చు. శాంపిల్ ఎంపికను కూడా బొమ్మలో ఒక గడిగా గీయండి.

పీ-వాల్యూ (యాదృచ్ఛికంగానే ఇంత తేడా వచ్చే అవకాశాన్ని చెప్పే అంకె) చూసి వేరియబుల్స్ ఏరే స్టెప్‌వైజ్ పద్ధతిని నేను ఒప్పుకోను. ఒక వేరియబుల్ చేర్చాక అంచనా 10 శాతం మారితే దాన్ని ఉంచేయాలనే సూత్రాన్నీ ఒప్పుకోను. కొలైడర్ పెట్టినా అంచనా మారుతుంది. బాణం ఎటు తిరిగిందో ఆ లెక్కకు తెలియదు, బిడ్డల వైద్యుడికి తెలుస్తుంది. ఆయన పక్కన కూర్చుని గీయండి.

చివరగా, సిగరెట్‌లోకి బాణంతో వచ్చే, మరణం దాకా పోయే ప్రతి దారినీ వేలితో వెంబడించి, మీరు అడ్జస్ట్ చేసిన వాటితో మూసుకుందో లేదో చూడండి. అప్పుడే డేటా తెరవండి. బొమ్మను పరిశోధనా పత్రంలో కూడా అచ్చు వేయండి. దాన్ని పరిశీలించే రివ్యూయర్ "బరువు ఎందుకు వదిలేశారు?" అని అడిగితే, ఆ బాణాలే చూపించండి.