పాత కంప్యూటర్‌కి వైఫై – 3వ పాఠం: అక్షరం వెళ్లి తిరిగొచ్చిందా?

రెండో పాఠంలో ఈఎస్‌పీ-01 అనే చిన్న వైఫై బిళ్లలోకి, దాన్ని మోడెమ్‌లా నడిపించే ఫర్మ్‌వేర్ (చిప్పులో ఉండే ప్రోగ్రాం) ఎక్కించి, స్పీడు సెకనుకి 9600 బిట్లకి పెట్టి పక్కనుంచాం. ఇవాళ దాన్ని కంప్యూటర్‌కి తగిలించేద్దామని చేతులు దురద పెడతాయి. ఆగండి.

నేను ఆగలేదు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ ఒకటి మూసేస్తుంటే తెచ్చుకున్న పాత 486 కంప్యూటర్ నాది. సీరియల్ పోర్టు తీగలు నేరుగా బిళ్లకి అతికి స్విచ్చి వేశాను. సిరిమాను జాతర చూడ్డానికొచ్చిన మేనల్లుడు ముక్కెగబీల్చి, "మావయ్యా, ఏటిది, కాల్తన్న వాసనొస్తంది?" అన్నాడు. బిళ్ల పోయింది.

ఆ పోర్టు నడిచేది 1960లో వచ్చిన ఆర్ఎస్-232 పద్ధతిలో. ఏమీ పంపకుండా ఊరకే ఉన్నా 3వ పిన్ను మీద మైనస్ వోల్టేజీ ఉంటుంది. మీటరు నల్ల తీగ 5వ పిన్నుకీ, ఎర్రది 3కీ ఆనించి చూడండి. నాది మైనస్ 11 చూపించింది. బిళ్లకి తెలిసింది సున్నా, 3.3 వోల్టులే. పైగా లెక్క తలకిందులు: ఇక్కడ 1 అంటే మైనస్, అక్కడ 1 అంటే 3.3. మధ్యలో దుబాసీ ఉండాలి. అదే మాక్స్3232 చిప్పున్న చిన్న బోర్డు.

ముందు దుబాసీ కూడా లేకుండా పోర్టొక్కటే చూద్దాం. కంప్యూటర్ వెనక తొమ్మిది పిన్నుల పోర్టులో అయిదు పిన్నుల వరస పైకుండేలా చూస్తే ఎడమ నుంచి 1, 2, 3. రెండోదాన్నీ మూడోదాన్నీ జంపర్ వైరుతో కలపండి. పిన్నీసు పెట్టేవాళ్లున్నారు గానీ అది జారి పక్క పిన్నుకి తగుల్తుంది. విండోస్ 95లో హైపర్‌టెర్మినల్ (పోర్టుకి అక్షరాలు పంపి, వచ్చినవి చూపించే ప్రోగ్రాం) తెరిచి 9600, 8, పేరిటీ నన్, స్టాప్ 1 పెట్టండి. ఫ్లో కంట్రోల్ కూడా నన్. ఇది మర్చిపోతే, అవతల నుంచి "పంపొచ్చు" అన్న సైగ రాలేదని పోర్టు ఒక్క అక్షరమూ వదలదు. నాకు రెండు సాయంత్రాలు దీంతోనే పోయాయి. లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రామే తెరమీద చూపించడం) తీసేసి ఏ ఇంగ్లిషు అక్షరమైనా కొట్టండి. తెరమీద కనబడితే అది 3లోంచి వెళ్లి 2లోంచి తిరిగొచ్చినట్టు. జంపర్ లాగేస్తే కనబడకూడదు.

ఇప్పుడు ఆ జంపర్ని ఒక మజిలీ ముందుకు జరపండి. పోర్టుకి మాక్స్3232 బోర్డు తగిలించి, దానికి 3.3 వోల్టులే ఇవ్వండి. 5 ఇస్తే అవే 5 బిళ్ల నెత్తిన పడతాయి. అవతలి వైపు టీఎక్స్ (పంపే పిన్ను), ఆర్ఎక్స్ (అందుకునే పిన్ను) కలిపి మళ్లీ అక్షరం కొట్టండి. రాలేదా? తప్పు కేబుల్లోనో బోర్డులోనో ఉంది, పోర్టులో మాత్రం కాదు. ముందు 2, 3 తీగలు అటూ ఇటూ మార్చి చూడండి.

వచ్చిందా, కరెంటు తీసి జంపర్ విప్పి, ఆ చోట బిళ్లని పెట్టండి. దాని సప్లయి కనీసం 500 మిల్లీయాంపులు ఇవ్వగలగాలి. యూఎస్‌బీ-సీరియల్ ముక్క మీదుండే 3.3 పిన్ను చాలదు, వైఫై పట్టుకునే క్షణంలో బిళ్ల రీసెట్ అయిపోతుంది.

ఇంగ్లిషులో AT అని కొట్టి ఎంటర్ నొక్కండి. పిచ్చి గీతలొస్తే స్పీడు కలవలేదు. ఓకే అని వస్తే, 1981లో హేస్ కంపెనీ మోడెమ్ ఇచ్చిన జవాబే మీకూ వచ్చింది. నంబరు బదులు ఇంటర్నెట్ అడ్రసుకి డయల్ చేయడం వచ్చే పాఠంలో. ఈలోగా మీ రౌటర్లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉందో లేదో చూసి పెట్టుకోండి, ఈ బిళ్లకి 5 గిగాహెర్ట్జ్ అందదు.