ఐ-190 షార్ట్-రన్ కిట్ కట్టడం ఎలా? పై రెక్క దగ్గరే అసలు పని

సోవియట్ రెండు రెక్కల యుద్ధవిమానం పోలికార్పొవ్ ఐ-153 నుంచి పుట్టిన ప్రోటోటైప్ (ప్రయోగాత్మక నమూనా) ఐ-190. ఎం-88 ఇంజన్‌తో 1939 డిసెంబరు చివర్లో తొలిసారి ఎగిరింది, ఉత్పత్తికి మాత్రం వెళ్లలేదు. ఇలాంటి విమానానికి బొమ్మ నమూనాగా దొరికేది షార్ట్-రన్ కిట్టే, అంటే కొద్ది సంఖ్యలో తయారయ్యే ప్లాస్టిక్ కిట్: అంచుల్లో అదనపు ప్లాస్టిక్, మందపాటి రెక్కలు, భాగాలు కూర్చోవడానికి ఒక్క పిన్నూ ఉండదు. కింది కొలతలు 1:72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు) నమూనాకి.

1. కావలసినవి: సన్న బ్లేడు, 400, 800 నంబరు వాటర్‌పేపర్, పిన్ వైస్ (వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్), 0.3, 0.5, 1 మి.మీ. బిట్లు, 0.5 మి.మీ. ఇత్తడి తీగ, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, పుట్టీ.

2. రెక్కల వెనక అంచును లోపలి వైపు నుంచి అరగదీసి పల్చన చేయండి. రెసిన్ భాగాలుంటే తడిపి, మాస్కు పెట్టుకునే రుద్దాలి. బ్రేసింగ్ తీగల (రెక్కల మధ్య బిగించే తీగల) రంధ్రాలు 0.3 బిట్‌తో ఇప్పుడే వేసేయండి. ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్లు), తోక, కింది రెక్క అతికించి ఒక రోజు వదిలేయండి.

3. ఇక పై రెక్క. ఇది గల్ రెక్క, అంటే మధ్యలో కిందికి వంగి ఉంటుంది; రెండు ముక్కలు విడివిడిగా ఫ్యూజ్‌లాజ్ భుజాలకు అతుక్కుంటాయి. ఎక్కువమంది ముందు స్ట్రట్లు (రెండు రెక్కల మధ్య ఉండే నిలువు కమ్మీలు) నిలబెట్టి వాటి మీద రెక్క పెడతారు. చెడేది అక్కడే. షార్ట్-రన్ స్ట్రట్లు ఎడమ కుడి ఒకే పొడుగు ఉండవు, రెక్కను తమ వైపు లాగేస్తాయి. రెక్క ఫ్యూజ్‌లాజ్‌కు అతికే మొదట్లో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా 70 మి.మీ. అవతల కొన దగ్గర 1.2 మి.మీ. అవుతుంది, దూరం నుంచే కనిపిస్తుంది. రెక్కే ముందు, స్ట్రట్ తర్వాత.

ప్రతి ముక్క మొదట్లో రెండు రంధ్రాలు, 4 మి.మీ. లోతు. వాటిలో ఇత్తడి తీగ. ఫ్యూజ్‌లాజ్ వైపు రంధ్రాలు అర మిల్లీమీటరు వదులుగా ఉండాలి, లేకపోతే సర్దడానికి చోటుండదు. జిగ్‌కు (ఆరేదాకా భాగాలను సరైన కోణంలో నిలిపే ఆధారానికి) పిల్లల లెగో ఇటుకలు చాలు. అవి కచ్చితంగా లంబకోణంలో ఉంటాయి, ఎత్తు కూడా పొర పొరకూ సమానం. డబ్బు పోసి కొన్న జిగ్‌లు దీనికన్నా మెరుగేమీ కాదు.

సూపర్ గ్లూ ఇక్కడ వద్దే వద్దు, అంటుకుంటే సర్దే వీలుండదు. ఎపాక్సీ రాసి మూడు చూడండి: ముందు నుంచి రెండు కొనలూ బల్లకు ఒకే ఎత్తులో ఉన్నాయా, పై నుంచి ప్రతి కొన నుంచి తోక చివరకు దూరం సమానమా, పక్క నుంచి రెండు ముందు అంచులూ ఒకే గీతలో కలుస్తున్నాయా. మూడోది ఎవరూ చూడరు. రెక్క మెలితిరిగినా మొదటి రెండూ సరిగ్గానే కనిపిస్తాయి.

4. రాత్రంతా ఆరాక రెండు రెక్కల మధ్య ఖాళీ కొలిచి, దానికి తగ్గట్టు స్ట్రట్ చివరలు కోయండి లేదా ప్లాస్టిక్ షీటు ముక్క కలపండి. రెక్క మొదట్లో పుట్టీ తప్పదు కాబట్టి, రంగు వేశాక పై రెక్క అతికించే పద్ధతి ఈ విమానానికి పనికిరాదు.

5. రంగులకు ఉత్పత్తిలో తయారైన ఐ-153ల చిత్రాలు చూడకండి, ఐ-190 ఫోటోలే చూడండి. చివరగా తీగలు: 0.12 మి.మీ. నైక్రోమ్ తీగను డివైడర్‌తో కొలిచి కోసి, ఫెవికాల్ చుక్కతో నిలపండి. సాగే దారం బిగిస్తే పల్చటి రెక్క వంగి, 3వ మెట్టులో పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.