వ్యంగ్య కథ ఎలా రాయాలి? స్టూలెక్కితే కనబడే సముద్రం

వ్యంగ్య కథ రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు జోకులు వెతుక్కుంటారు. నేనూ అంతే. వాట్సాప్ జోకులే పేర్లు మార్చుకుని నా మొదటి కథలో దూరాయి. జోకులు పక్కన పెట్టి ఒక అబద్ధాన్ని వెతకండి. అందరూ కలిసి నిజమని ఒప్పేసుకున్నది అయితే మరీ మంచిది.

విశాఖలో అలాంటిదానికి దూరం వెళ్లక్కర్లేదు. ఎంవీపీ కాలనీలో ఒకాయన 'సీ వ్యూ' ఫ్లాట్ కొన్నాడనుకుందాం. సముద్రం కనబడేది బాత్రూమ్ కిటికీలోంచి, అదీ స్టూలెక్కితే.

రెండో పని కష్టమైనది. తను నవ్వు పుట్టిస్తున్నట్టు ఆ మనిషికి తెలియకూడదు. శ్రీకాకుళం నుంచి బావగారు వస్తే, కాఫీ అయ్యాక ఆయన్ని మర్యాదగా బాత్రూమ్‌కి తీసుకెళ్తాడు. "జాగ్రత్తండీ బావగారూ. ఆ వాటర్ ట్యాంకు పక్కన నీలంగా ఉంది చూడండి, అదే." అది టార్పాలినేమోనని బావగారికి అనుమానం. అయినా "ఆహా" అంటాడు. ఈ "ఆహా" దగ్గరే కథ ఉంది. మీరు మధ్యలో దూరి "అతని గొప్పలు చూసి నవ్వొచ్చింది" అని రాశారో, పాఠకుడు నవ్వడం మానేస్తాడు. అతని పని మీరే చేసేశారు మరి.

తర్వాత ఒక్కో మెట్టే పెంచండి. స్టూలుకి కొత్త పెయింటు పడుతుంది. ఎదురుగా బిల్డింగు ఇంకో అంతస్తు లేస్తుంది. స్టూలు పోయి నిచ్చెన వస్తుంది. మొదటి పేజీలోనే నిచ్చెన వేస్తే తర్వాత ఎక్కడానికి ఏమీ ఉండదు. ఆ ఇంట్లోవాళ్లు బీచ్‌కి వెళ్లి పదేళ్లయిందన్న సంగతి కూరగాయల లెక్కల మధ్య ఒక ముక్కలో చెప్పి వదిలేయండి.

ఇప్పుడు దెబ్బ ఎవరికి తగులుతోందో చూసుకోండి. ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి మద్యనిషేధం మీద 'ఆరు సారా కథలు' రాశారు. వాటిలో దెబ్బ సారా అమ్ముకుని బతికే పేదలకి కాదు, వాళ్లని పట్టుకుని తిప్పే వ్యవస్థకి. మన ఫ్లాటాయన ఈఎంఐ కట్టుకుంటున్న మనిషి. సీ వ్యూ పేరు చెప్పి అడుగుకింత అని అదనంగా గుంజిన బిల్డరేడీ? కనీసం అతని బ్రోచర్‌నైనా కథలోకి తీసుకురండి. అందులో అలలు బాల్కనీకి తగులుతుంటాయి.

యాస గురించి ఒక మాట. పనిమనిషి "ఏటి బాబూ" అనగానే నవ్వాలని సినిమాలు మనకి నేర్పాయి. నాకది చిరాకు. ఉత్తరాంధ్ర మాటని నవ్వులాటకి కాదు, కథలో బుర్ర ఉన్న మనిషికి ఇవ్వండి. నిచ్చెన పట్టుకోమంటే ఆమె అంటుంది: "సంద్రం సూడాలంటే కిందకెల్లాల గానీ, పైకెక్కుతారేటి బాబూ?"

చివరిగా ఎవరికైనా చదివి వినిపించండి. చదువుతుండగా మీకే ముందు నవ్వొచ్చిన వాక్యాలుంటే కొట్టేయండి. నేను ఈ కథ మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకి వినిపించాను. ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "ఎన్నో ఫ్లోరండీ?" అని అడిగాడు. నేను రాసుకున్న ముగింపు కొట్టేసి ఆ మాట పెట్టాను.