మూడు చిన్న బోర్డులు, ఒక మెష్

చివరి గదికి వైఫై అందడం లేదని, పాత సింగిల్ బోర్డ్ కంప్యూటర్లు (ఒకే సర్క్యూట్ బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్లు) మూడింటితో మెష్, అంటే ఒకదాని సిగ్నల్‌ను ఇంకొకటి అందుకుని ముందుకు పంపే వైఫై నెట్‌వర్క్, కట్టాలనుకున్నాను. ఒక్క సాయంత్రం చాలనుకున్నాను. రెండు వారాలు పట్టింది.

మొదటి దెబ్బ బోర్డులోని వైఫై చిప్. లినక్స్‌లో 'ఐడబ్ల్యూ లిస్ట్' ఆదేశం ఇచ్చి చూస్తే, అది పనిచేయగల పద్ధతుల్లో 'మెష్ పాయింట్' లేనే లేదు. ఈ తనిఖీ ముందే చేసి ఉండాల్సింది! వైఫై మెష్ ప్రమాణమైన 802.11ఎస్ తెలిసిన యూఎస్‌బీ అడాప్టర్లు తగిలించాను.

అయినా మూడో బోర్డు గంటకోసారి మాయమయ్యేది. యాంటెన్నాను, గోడను, చివరికి అడాప్టర్‌నూ అనుమానించాను. అసలు దోషి లినక్స్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్. అది అదే అడాప్టర్‌తో చుట్టుపక్కల వైఫైలను వెతుకుతూ ఛానెల్‌ను, అంటే వైఫై నడిచే ఫ్రీక్వెన్సీని, మార్చేస్తోంది. మెష్‌లో అన్ని బోర్డులూ ఒకే ఛానెల్‌లో ఉండాలి. ఆ అడాప్టర్ జోలికి పోవద్దని నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల్లో రాశాక తెగడం ఆగిపోయింది.

వేగం మాత్రం సగమైంది. ఒకే రేడియో అందుకుంటూ, మళ్ళీ పంపుతూ ఉంటే అంతే. మెష్‌ను యూఎస్‌బీ అడాప్టర్‌కే వదిలి, ఫోన్లకు బోర్డులోని చిప్‌ను వేరే ఛానెల్‌లో పెట్టాను. మధ్య బోర్డును కేబుల్‌తో రౌటర్‌కు కలిపాను. ఇప్పుడు చివరి గదిలోనూ వీడియో ఆగకుండా వస్తోంది.