దాళ్వా కోతలకు ముందు పేరెంట్ క్లాసు సరిచూసుకోండి

దాళ్వా కోతలు మొదలయ్యాక మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ సమయంలో బిల్లింగ్ ప్రోగ్రాం తప్పు లెక్క చూపిస్తే నష్టపోయేది రైతు. తణుకు, భీమవరం వైపు మిల్లులకు జావాలో ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లు పేరెంట్ క్లాసు సరిచూసే పని మార్చిలోనే ముగించుకోవాలి.

ముందు పేరెంట్ క్లాసు తెరవండి. అంటే మిగతా క్లాసులు (పిల్ల క్లాసులు) ఫీల్డులు అనే విలువలనూ, మెథడ్లు అనే కోడ్ ముక్కలనూ వారసత్వంగా తీసుకునే మూల క్లాసు. ధర, తూకం, తేమ కోత (తేమకు తగ్గించేది) లాంటి ఫీల్డులు ప్రొటెక్టెడ్‌గా ఉంటే ప్రైవేట్ చేయండి, అంటే ఆ క్లాసుకు మాత్రమే అందేలా. ప్రొటెక్టెడ్ అంటే పిల్ల క్లాసులకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. జావాలో అదే ప్యాకేజీలో ఉన్న ప్రతి క్లాసూ ఆ ఫీల్డును మార్చగలదు. పిల్ల క్లాసుకు నిజంగా అవసరమైతే ఒక మెథడ్ ఇవ్వండి, విలువ సరైనదో కాదో అందులోనే చూడండి. ఒకసారి పబ్లిక్ చేసిన మెథడ్‌ను పిల్ల క్లాసు ఓవర్‌రైడ్ చేస్తూ (తన తీరులో తిరగరాస్తూ) ప్రైవేట్‌గానో ప్రొటెక్టెడ్‌గానో తగ్గించలేదు, కంపైలర్ ఒప్పుకోదు. అందుకే మొదట మూసి ఉంచి, అవసరం వచ్చినప్పుడే తెరవాలి.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఇంకొకటి. పేరెంట్‌లో తేమ కోత లెక్క ప్రైవేట్ మెథడ్‌గా ఉంది. గ్రేడ్-ఎ రకానికి కోత వేరుగా ఉండాలని పిల్ల క్లాసులో అదే పేరుతో కొత్త మెథడ్ రాశాను. కంపైల్ అయింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కోతలు మొదలైన మూడో రోజు మిల్లు గుమస్తా గారు ఫోన్ చేశారు: "ఏమండీ, తేమ పదిహేడు దాటినా, దాటకపోయినా గ్రేడ్-ఎ బిల్లులో పాత కోతే పడుతోందండీ." ప్రైవేట్ మెథడ్ పిల్ల క్లాసుకు వారసత్వంగా రాదు, కాబట్టి అక్కడ ఓవర్‌రైడ్ అనేదే జరగలేదు. పేరెంట్‌లోని బిల్లు మెథడ్ తన ప్రైవేట్ మెథడ్‌నే పిలుచుకుంటూ పోయింది. రాత్రంతా కూర్చుని పాత బిల్లులన్నీ తిరగరాశాం. పిల్ల క్లాసులోని ఆ మెథడ్ మీద ఓవర్‌రైడ్ అనోటేషన్ (@Override అనే గుర్తు) పెట్టి ఉంటే కంపైలర్ మొదటి నిమిషంలోనే ఆపేసేది. పిల్ల క్లాసులో తిరగరాసే ప్రతి మెథడ్ మీదా అది ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. మొత్తం సొమ్ము తేల్చే మెథడ్‌ను ఎవరూ మార్చకూడదనుకుంటే ఫైనల్ అని రాయండి.

కన్‌స్ట్రక్టర్, అంటే ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్, విషయం కూడా గమనించండి. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ ముందు నడుస్తుంది. అందులో నుంచి ఓవర్‌రైడ్ అయిన మెథడ్‌ను పిలిస్తే పిల్ల క్లాసు మెథడ్ నడుస్తుంది, కానీ పిల్ల క్లాసు ఫీల్డుల్లో విలువలు ఇంకా పడి ఉండవు. బస్తా ధర సున్నా అని కనబడితే మొదట అక్కడే వెతకండి.

సీ ప్లస్ ప్లస్‌లో రాసేవాళ్లకు ఒక్క మాట. క్లాసును వారసత్వంగా తీసుకునేటప్పుడు పబ్లిక్ అని రాయకపోతే అది ప్రైవేట్ వారసత్వం అవుతుంది. పేరెంట్ పబ్లిక్ మెథడ్లు పిల్ల ఆబ్జెక్ట్ ద్వారా బయటివాళ్లకు అందవు. పైథాన్‌లో పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే పేరు రూపం మారుతుంది తప్ప తాళం పడదు.

కొనుగోళ్లు మొదలయ్యాక పేరెంట్ క్లాసును ముట్టుకోకండి. ఎగువన తూము కదిపితే శివారు చేల వరకూ నీటి మట్టం మారినట్టు, అక్కడ ఒక్క వరుస మార్చినా అన్ని పిల్ల క్లాసుల లెక్కా మారిపోతుంది. తప్పనిసరైతే కొత్త పిల్ల క్లాసు రాయండి. పాత వెర్షన్ ఫైలు మిల్లు కంప్యూటర్‌లోనే ఒక కాపీ ఉంచండి. పోయిన సార్వా బిల్లులు ఓ ఇరవై తీసుకుని, ఒక్కో ధాన్యం రకానికీ కొన్ని ఉండేలా చూసి, కొత్త ప్రోగ్రాంలో మళ్లీ వేయండి. పైసాతో సహా కలిశాకే గుమస్తా గారికి అప్పజెప్పండి.